మొక్కల కన్నా ముందు మట్టి, నీరు, వాలు: ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ పని ఎక్కడ మొదలవుతుంది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012 ఏప్రిల్‌లో జీవో 168 ద్వారా భవన నిర్మాణ నియమాలను తెచ్చింది. వాటి ప్రకారం బహుళ అంతస్తుల భవనం కట్టే స్థలంలో, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌లు కాకుండా, మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతాన్ని పచ్చదనానికీ పిల్లల ఆటస్థలానికీ విడిగా కేటాయించాలి. నిబంధనలో అస్పష్టత ఏమీ లేదు. కానీ హైదరాబాదు పడమటి శివార్లలోని గేటెడ్ కమ్యూనిటీల్లో ఆ 10 శాతం ఎక్కడుందని వెతికితే, చాలాచోట్ల అది సెల్లార్ పైకప్పు మీద పరిచిన అడుగున్నర మట్టిలోనో, ట్రాన్స్‌ఫార్మర్‌కూ ప్రహరీకీ మధ్య మిగిలిపోయిన మూలలోనో కనిపిస్తుంది. టవర్లు ఎక్కడ నిలబడాలో, ర్యాంపులు ఎటు దిగాలో, ఫైరింజన్ తిరిగే దారి ఎటు పోవాలో అన్నీ ఖాయమయ్యాక, మిగిలిన చోటును కాస్త పచ్చగా చేసి పెట్టమని ఒకరిని పిలుస్తారు. ఈ వృత్తి చుట్టూ ఉన్న గందరగోళంలో ఎక్కువ భాగం పిలిచే వరసలోనే పుడుతోంది. చివర్లో పిలిచినందువల్ల అది మొక్కలు నాటే పనిలా కనిపిస్తుంది. మొక్కలు నాటే పనిలా కనిపించినందువల్ల మళ్లీ చివర్లోనే పిలుస్తారు.

ఎవరు ఎవరు

తోట పని అనగానే మన ముందుకు వచ్చేవాళ్లు ముగ్గురు. ఒకరు నర్సరీ నడుపుతూ మొక్కలు, లాన్, ఎర్రమట్టి సరఫరా చేసి నాటించే గార్డెన్ కాంట్రాక్టరు. రెండోవారు హార్టికల్చర్ చదివిన నిపుణులు. ఏ మొక్కకు ఏ ఎరువు కావాలో, ఏ తెగులుకు ఏ మందు కొట్టాలో వీరికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. మూడోవారు ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు. భవనం గోడల బయట ఉన్న నేల మొత్తాన్ని, అంటే వాలునూ వాన నీటి దారినీ మట్టినీ నడకదారులనూ మెట్లనూ దీపాలనూ చెట్లనూ కలిపి ఒకే డ్రాయింగుల కట్టగా తయారు చేసి, ఆ డ్రాయింగుల ప్రకారం పని జరిగేలా చూడటం వీరి బాధ్యత. ఈ ముగ్గురూ ఒకరి స్థానంలో మరొకరు సరిపోరు. ఎకరం లోపు ఇంటి స్థలానికి మంచి కాంట్రాక్టరూ అనుభవమున్న మాలీ ఉంటే చాలావరకు సరిపోతుందని ఒప్పుకోవడంలో తప్పులేదు. సెల్లార్లు, వరద కాలువ, ఏటవాలు నేల, వేలమంది రాకపోకలు ఉన్న చోట మాత్రం మూడోవారు లేకపోతే మొదటి ఇద్దరి శ్రమా వృథా అవుతుంది.

చట్టం దగ్గరకు వస్తే చిక్కు ఇంకొంచెం పెరుగుతుంది. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే తమను ఆర్కిటెక్టులమని చెప్పుకోవాలి. అయితే ఆ చట్టంలోని 37వ సెక్షన్ కాపాడుతున్నది ఆ హోదాను మాత్రమేననీ, హోదా వాడుకోకుండా అదే పనిని ఇతరులు చేయడాన్ని అది నిషేధించదనీ సుప్రీంకోర్టు 2020 మార్చిలో తీర్పునిచ్చింది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులకైతే మన దేశంలో ప్రత్యేకమైన లైసెన్సు చట్టమే లేదు. 2003లో ఏర్పడిన ఇండియన్ సొసైటీ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్స్ ఒక వృత్తి సంఘం, నియంత్రణ సంస్థ కాదు. సాధారణంగా ఐదేళ్ల బీ.ఆర్క్ తర్వాత ల్యాండ్‌స్కేప్‌లో రెండేళ్ల ఎం.ఆర్క్ చేసినవారు ఈ పనిలోకి వస్తారు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనూ అహ్మదాబాదు సెప్ట్‌లోనూ ఈ కోర్సు దశాబ్దాలుగా ఉంది. 2008లో ఏర్పడిన విజయవాడ స్కూల్‌లోనూ చదువుకోవచ్చు. కాబట్టి విజిటింగ్ కార్డు మీద ఏముందో చూసి నిర్ణయించుకోవడం కన్నా, వారు చేసిన పని ఒకదాన్ని మూడేళ్ల తర్వాత వెళ్లి చూడటం మేలు. ప్రారంభోత్సవం నాటి ఫోటోల్లో ప్రతి తోటా బాగానే ఉంటుంది.

కనిపించని డ్రాయింగు

ఈ వృత్తిలో అన్నిటికన్నా విలువైనదీ, యజమాని అన్నిటికన్నా తక్కువగా చూసేదీ గ్రేడింగ్ ప్లాన్. రంగులుండవు, చెట్ల బొమ్మలుండవు. కాగితం నిండా అంకెలూ బాణాలూ ఉంటాయి. గేటు దగ్గర రోడ్డు మట్టాన్ని సున్నాగా తీసుకుని, అక్కడి నుంచి ప్రతి మలుపులో నేల ఎన్ని మిల్లీమీటర్లు ఎత్తులో ఉండాలో, నీరు ఎటు పారి ఏ గుంతలో పడాలో అందులో రాసి ఉంటుంది. రాయి పరిచిన చోట 100 మిల్లీమీటర్లకు ఒక మిల్లీమీటరైనా వాలు లేకపోతే నీరు నిలుస్తుంది. సెల్లార్‌లోకి దిగే ర్యాంపు మొదట్లో, రోడ్డు కన్నా ఎత్తుగా ఒక గట్టు లేకపోతే మొదటి పెద్ద వానకే కార్లు మునుగుతాయి. ఆ గట్టు ఎత్తును నిర్ణయించేటప్పుడు ఇప్పుడున్న రోడ్డును మాత్రమే చూస్తే చాలదు. పాత తారు గీకకుండా పైపైన పొరలు వేస్తూ పోయే మన అలవాటు వల్ల పదేళ్లలో రోడ్డు ఎంత లేస్తుందో కూడా ఊహించాలి.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. లాబీ నేల బయటి నేల కన్నా 450 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. చక్రాల కుర్చీ వెళ్లే ర్యాంపు 12 వంతులకు ఒక వంతు కన్నా నిటారుగా ఉండకూడదు. అంటే 5.4 మీటర్ల పొడవు, దానికి అటూ ఇటూ ఆగి తిరగడానికి చదునైన చోటు కావాలి. భవనం ప్లాన్ గీస్తున్నప్పుడే ఈ సంగతి చెప్పేవారు పక్కన ఉంటే లాబీని కాస్త దించుతారు, లేదా ర్యాంపును తోటదారిలోనే తెలియకుండా కలిపేస్తారు. పునాదులు పడ్డాక తెలిస్తే, ఎవరూ ఎక్కలేని నిటారు ర్యాంపును ఒక పక్కకు అతికించి, పైన స్టీలు గొట్టం పెట్టి వదిలేస్తారు. అలాంటివి మన ఆసుపత్రుల ముందు కూడా కనిపిస్తాయి.

నీటి లెక్క ఇంతకన్నా పెద్దది. ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఎకరం మీద దాదాపు 2 లక్షల లీటర్ల నీరు కురిసినట్టు. పదివేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. నేలంతా కాంక్రీటూ టైల్సూ అయితే అందులో 90 శాతం వరకు వెంటనే పారిపోయి వీధి మీద పడుతుంది. అదే నేల గుల్లగా, చెట్లతో ఉంటే పారేది నాలుగో వంతో, ఇంకా తక్కువో ఉంటుంది. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదు మునిగినప్పుడు చెరువుల కబ్జాల గురించి చాలా మాట్లాడుకున్నాం. అది న్యాయమే. కానీ చెరువు దాకా వెళ్లకముందే, ప్రతి ప్లాటూ తన వాన నీటిని పక్కవాడి మీదకు తోసేసే పద్ధతి గురించి అంతగా మాట్లాడుకోలేదు.

దీనికి విరుగుడుగా ప్రతిచోటా ఇంకుడు గుంత తవ్వమనడం కూడా సరికాదు. హైదరాబాదులో పైన మొరం, కింద గ్రానైటు ఉంటాయి. రాయిలో పగుళ్లున్న చోట గుంత బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పది అడుగుల దూరంలో గట్టిరాయి తగిలితే అది నీళ్ల తొట్టిగా మిగులుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల బంకమట్టిలో, వానకాలంలో భూగర్భ జలం పైపైనే ఉండే చోట, గుంత తవ్వితే నీరు దిగడం అటుంచి కిందిదే పైకి ఊరుతుంది. అక్కడ కావలసింది నీటిని కొన్ని గంటలు నిలిపి మెల్లగా వదిలే లోతట్టు పచ్చిక పల్లాలు. ఏది ఎక్కడ పనికొస్తుందో తెలియాలంటే స్థలంలోనే గుంత తీసి, నీరు పోసి, గంటకు ఎంత దిగుతోందో కొలవాలి. ఖర్చు చాలా తక్కువ. అయినా మన దగ్గర అరుదుగా జరిగే పరీక్షల్లో ఇదొకటి.

మట్టి, దాని బరువు

స్థలం చదును చేసే రోజున ముందుగా పోయేది పైమట్టి. ఎన్నో ఏళ్లుగా ఆకులు కుళ్లి, వానపాములు తిరిగి తయారైన ఆ ఆరు నుంచి తొమ్మిది అంగుళాల పొరను సెల్లార్ తవ్వకం మట్టితో కలిపి టిప్పర్లలో బయటికి పంపేస్తారు. రెండేళ్ల తర్వాత అదే స్థలానికి ఎక్కడో గుట్ట తవ్విన ఎర్రమట్టిని టిప్పరు లెక్కన కొని తెస్తారు. ఈలోగా మొక్కలు నాటాల్సిన చోట సిమెంటు ముద్దలు, టైల్స్ ముక్కలు, పెయింటు డబ్బాలు పూడ్చిపెట్టి ఉంటాయి. సిమెంటు మట్టిలో క్షారగుణాన్ని పెంచుతుంది, మొక్కకు ఇనుము అందదు, ఆకులు ఈనెలు తప్ప మిగతాదంతా పసుపు పచ్చగా మారతాయి. దానికి మళ్లీ మందు కొడతారు. పైమట్టిని ఒక మూల కుప్పగా పోసి దాచమని తవ్వకం కాంట్రాక్టులోనే ఒక వాక్యం రాయించగలిగితే ఈ తంతు అంతా తప్పుతుంది. ఆ వాక్యం రాయించాల్సిన మనిషి అప్పటికి నియమితుడై ఉండడు.

నగరాల్లో ఇప్పుడు నేల మీద తోటల కన్నా పోడియం మీద, అంటే సెల్లార్ల పైకప్పు మీద, వేసే తోటలే ఎక్కువ. ఇక్కడే బరువు సమస్య మొదలవుతుంది. తడిసిన మట్టి ఘనపు మీటరుకు 1,800 నుంచి 2,000 కిలోల దాకా తూగుతుంది. లాన్‌కు 30 సెంటీమీటర్ల మట్టి చాలనుకున్నా చదరపు మీటరుకు దాదాపు 550 కిలోలు. చెట్టుకు కనీసం మీటరు లోతు కావాలి కాబట్టి అక్కడ రెండు టన్నులకు దగ్గరగా పడుతుంది. పోల్చి చూస్తే, నివాస గదుల నేలకు మన ప్రమాణాలు లెక్కలోకి తీసుకునే వాడకపు బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు మాత్రమే. కాబట్టి బ్రోచర్‌లో పోడియం మీద వేపచెట్ల నీడ కనిపిస్తే, ఆ వేపచెట్టు కింద ఏ స్తంభం ఉందో స్ట్రక్చరల్ ఇంజినీరుకు ముందే తెలిసి ఉండాలి. సాధారణంగా తెలియదు. స్లాబు పోసిన తర్వాత తోట డ్రాయింగు వస్తుంది, మట్టి లోతు తగ్గించమంటారు, చెట్లు పొదలవుతాయి, పొదలు కుండీలవుతాయి.

బరువు తేలినా నీటి బెడద మిగులుతుంది. స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్, దాని మీద వేర్లను ఆపే పొర, ఆపైన నీరు పారడానికి డ్రెయిన్ సెల్, మట్టి జారిపోకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆ తర్వాతే మట్టి; ఈ వరస తప్పకూడదు. మట్టి పోయకముందే స్లాబు మీద రెండు మూడు రోజులు నీళ్లు నిలబెట్టి కింద చెమ్మ వస్తోందేమో చూడాలి. ఈ పరీక్షను ఎగ్గొట్టి మట్టి పోసేశాక సెల్లార్‌లో చుక్కలు పడితే, ఎక్కడ కారుతోందో తెలుసుకోవడానికి మొత్తం తోటను పెకలించాలి. అప్పుడు వాటర్‌ప్రూఫింగ్ చేసినవాడు గార్డెన్ కాంట్రాక్టరు పారను నిందిస్తాడు, గార్డెన్ కాంట్రాక్టరు ప్లంబరు వేసిన రంధ్రాన్ని చూపిస్తాడు. ఏ పొర ఎవరు ఏ తేదీన ఎవరికి అప్పగించారో రాసి, సంతకాలు తీసుకోవడం కూడా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు సేవలో భాగమే.

మొక్కల ఎంపిక

ఎక్కువమంది ఇదే అసలు పని అనుకుంటారు గనుక దీని గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. త్వరగా పెరగాలి, ఏడాది పొడవునా పచ్చగా ఉండాలి, పశువులు తినకూడదు, ఆకు రాలకూడదు అన్న నాలుగు కోరికలూ ఒకేసారి కోరితే కోనోకార్పస్ వస్తుంది. రోడ్ల మధ్య డివైడర్లలో, లేఅవుట్ల ప్రహరీల వెంట కిలోమీటర్ల కొద్దీ నాటిన తర్వాత, దాని పుప్పొడి మీదా వేర్ల మీదా ఫిర్యాదులు పెరిగి, తెలంగాణ ప్రభుత్వం 2022లో దాన్ని నాటవద్దని ఆదేశించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం చెట్లను కూల్చేశాక, పచ్చదనాన్ని త్వరగా తిరిగి తేవాలన్న ఆతృతలో ఏడాకులపాల చెట్లను పెద్ద ఎత్తున నాటారు. అవి పూతకొచ్చిన నాటి నుంచి శీతాకాలం మొదట్లో ఆ ఘాటు వాసనకు ఊపిరాడటం లేదని నగరవాసులు ఏటా మొరపెట్టుకుంటున్నారు. ఏడాకులపాల మన నేల చెట్టే, దాన్ని నిందించి లాభం లేదు. ఒకే జాతిని వీధి వెంట వీధి నాటుతూ పోవడంలోనే పొరపాటుంది. కానుగ, వేప, పొగడ, నేరేడు లాంటి వాటిని కలిపి నాటితే ఏ ఒక్క పూతా, ఏ ఒక్క తెగులూ ఊరంతటినీ పట్టుకోదు. గాలివానకు విరిగే తురాయిని కరెంటు తీగల పక్కన పెట్టకపోవడం, రోడ్డు అంచున నేరేడు పళ్లు పడితే బండ్లు జారతాయని గుర్తుంచుకోవడం లాంటి చిన్న ఇంగితం కూడా కావాలి.

లాన్ గురించి మాత్రం ఒక మాట. వేసవిలో దక్కను పీఠభూమి మీద పచ్చిక బతకాలంటే రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఎకరానికి 20 వేల లీటర్లు, అంటే రోజుకు రెండు పెద్ద ట్యాంకర్లు. ఎస్టీపీలో, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రంలో, శుద్ధి చేసిన నీరు ఉంటే అది వేరే సంగతి. లేనిచోట లాన్‌ను పిల్లలు ఆడుకునేంత మేరకే ఉంచి, మిగతా నేలను చెట్ల నీడకు వదిలేయమని సలహా ఇచ్చే ఆర్కిటెక్టు దొరికితే వదులుకోకూడదు. ఆ సలహా వల్ల ఆయన ఫీజు తగ్గే అవకాశం కూడా ఉంది, కారణం కిందనే వస్తుంది.

ప్రైవేటు పనుల్లో ఒప్పందం

సేవ సాధారణంగా ఈ క్రమంలో నడుస్తుంది: స్థలం సర్వే, ఉన్న చెట్ల జాబితా, ప్రాథమిక ఆలోచన, వివరమైన డ్రాయింగులు, పరిమాణాల పట్టిక, టెండరు, పని జరిగేటప్పుడు సైట్ విజిట్లు, చివరిగా అప్పగింత. ఫీజును తోట పని ఖర్చులో శాతంగానో, మొత్తంగా ఒకే అంకెగానో, చదరపు అడుగు లెక్కనో మాట్లాడుకుంటారు. శాతం పద్ధతిలో ఖర్చు పెరిగితే ఫీజు పెరుగుతుంది. ఖర్చు తగ్గించమని నిజాయితీగా చెప్పేవారికి అది నష్టం. అందువల్ల మధ్యతరహా పనులకు దశలవారీగా చెల్లించే ఒకే అంకె ఒప్పందం ఇరువైపులా శ్రేయస్కరమని నా అభిప్రాయం. ఎన్ని సైట్ విజిట్లు వస్తారన్నది ఒప్పందంలో అంకెతో రాసుకోకపోతే, తగాదా వచ్చేది సరిగ్గా అక్కడే.

డిజైన్ ఉచితం, పని మాకే ఇవ్వండి అనే పద్ధతి ఒకటుంది. ఇందులో మోసమేమీ ఉండనక్కర్లేదు. చిన్న తోటలకు సౌకర్యంగానూ ఉంటుంది. కానీ డ్రాయింగు గీసినవారే మొక్కలు అమ్ముతున్నప్పుడు, డ్రాయింగులో మొక్కలు దట్టంగా ఉండటం సహజం. మూడేళ్లకు గుబురుగా పెరిగే పొదను అడుగు దూరంలో నాటితే మొదటి నెలలో నిండుగా కనిపిస్తుంది, రెండో ఏడాదికి సగం పీకేయాలి. పరిమాణాల లెక్క వేసేవారూ బిల్లు పెట్టేవారూ వేర్వేరుగా ఉండాలన్న నియమం భవన నిర్మాణంలో ఎంత అవసరమో ఇక్కడా అంతే.

ఫ్లాటు కొనేవారికి ఇందులో నేరుగా సంబంధించిన విషయం ఒకటుంది. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఆమోదం పొందిన లేఅవుట్‌నూ ఉమ్మడి స్థలాలనూ మార్చాలంటే బిల్డరు కొనుగోలుదారుల్లో కనీసం మూడింట రెండు వంతుల మంది రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. నిర్మాణంలోనో పనితనంలోనో లోపం బయటపడితే, స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు ఫిర్యాదు చేసి బిల్డరు ఖర్చుతోనే బాగు చేయించుకోవచ్చు. పోడియం తోట నుంచి సెల్లార్‌లోకి నీరు కారడం ఇలాంటి లోపాల్లోకే వస్తుందని వాదించడానికి గట్టి ఆధారం ఉంది. అయితే నీటి గొట్టాలు, డ్రెయిన్లు నిజంగా ఎక్కడ వేశారో చూపే చివరి డ్రాయింగులు సంఘం చేతిలో ఉంటేనే ఆ వాదన నిలుస్తుంది. అపార్టుమెంటు సంఘాలు అప్పగింత సమయంలో లిఫ్టు కాగితాలూ జనరేటర్ వారంటీలూ పట్టుబట్టి తీసుకుంటాయి. ఈ డ్రాయింగులను అడిగేవారు తక్కువ.

ప్రభుత్వ పనుల దారి వేరు

ప్రభుత్వ పార్కులో యజమాని ఒక్కరు కాదు. నిధులిచ్చేది ఒక విభాగం, పని చేయించేది ఇంజినీరింగ్ విభాగం, తర్వాత నీళ్లు పోయాల్సింది మరో విభాగం. హైదరాబాదులోనైతే జీహెచ్‌ఎంసీకి అర్బన్ బయోడైవర్సిటీ విభాగం ఉంది, హెచ్‌ఎండీఏకు అర్బన్ ఫారెస్ట్రీ విభాగం ఉంది. ఒకే రోడ్డు వెంట పక్కపక్కనే రెండింటి మొక్కలూ ఉండవచ్చు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు ఈ గొలుసులో ఒక కన్సల్టెంటు మాత్రమే. ఎంపికలో తక్కువ ధర చెప్పినవారికే పని ఇచ్చే పద్ధతి ఒకటి, అనుభవానికీ ప్రతిపాదనకూ మార్కులు వేసి ధరతో కలిపి 70:30 లేదా 80:20 నిష్పత్తిలో తూచే పద్ధతి మరొకటి. ఆలోచనకు ధర కట్టాల్సిన పనిలో మొదటి పద్ధతి వాడితే, ఒక పార్కు డ్రాయింగునే ఊరి పేరు మార్చి పది పార్కులకు ఇచ్చేవారు గెలుస్తారు. మన పట్టణాల్లో ఏ పార్కు చూసినా అదే గజీబో, అదే సిమెంటు జింక, అదే ఎనిమిది అంకె ఆకారపు నడకదారి ఎందుకుంటాయో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

డిజైన్ బాగున్నా ఎస్టిమేట్ దగ్గర అది కుంగిపోతుంది. ఇంజినీర్లు ఎస్‌ఎస్‌ఆర్ రేట్ల పట్టిక ప్రకారం అంచనా తయారు చేస్తారు. కాంక్రీటుకు గ్రేడు ఉంటుంది, ఇనుముకు బ్రాండు ఉంటుంది. మొక్క మాత్రం ఎత్తుతోనే కొలవబడుతుంది. ఎనిమిది అడుగుల కానుగ మొక్క అని రాస్తే, చిన్న సంచిలో ఇరుక్కుని వేర్లు చుట్టలు చుట్టుకుపోయిన సన్నని మొక్క కూడా ఎనిమిది అడుగులుంటే చాలు, బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకం ఎం-బుక్‌లోకి ఎక్కేస్తుంది. రాజమహేంద్రవరం దగ్గరి కడియం నర్సరీల్లో అడిగితే ఎవరైనా చెబుతారు, ధర ఎత్తును బట్టి మాత్రమే ఉండదు. కాండం మందం, సంచి కొలత, కొమ్మ ఎక్కడ చీలింది, ఎన్నాళ్లు ఆ సంచిలో ఉంది అన్నవన్నీ చూడాలి. స్పెసిఫికేషన్‌లో ఈ నాలుగూ రాసి, లారీ ఎక్కించే ముందు నర్సరీకి వెళ్లి ఎంపిక చేసిన మొక్కలకు గుర్తు కట్టే హక్కు ఆర్కిటెక్టుకు ఇస్తే నాణ్యత చాలావరకు నిలబడుతుంది.

క్యాలెండర్ కూడా ఎదురు తిరుగుతుంది. నాటడానికి అనువైన కాలం తొలకరి తర్వాత జూన్, జులై. నిధులు మురిగిపోకుండా బిల్లు పెట్టాల్సిన గడువు మార్చి 31. ఈ రెండింటి మధ్య పడి, ఎండలు ముదిరే ముందు నాటిన మొక్కలు మేలో ఎండిపోవడం ఏటా జరిగే పని. సివిల్ పనులను వేసవిలో ముగించి, నాటే పనిని వేరే ప్యాకేజీగా వానకాలానికి ఉంచడం అసాధ్యమేమీ కాదు.

రోడ్ల విషయంలో ఈ వృత్తిని పక్కన పెట్టడం ఎంత ఖరీదో చేవెళ్ల దారి చూపించింది. హైదరాబాదు శివార్లలోని అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల జాతీయ రహదారిని వెడల్పు చేయాలనుకున్నప్పుడు, దారి పొడవునా ఉన్న దాదాపు 900 మర్రిచెట్లు అడ్డొచ్చాయి. వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లి, పని ఏళ్ల తరబడి ఆగింది. చెట్లు కొట్టడానికి అనుమతి కావాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతూనే ఉంది, కానీ అనుమతి అనేది రోడ్డు గీత ఖరారయ్యాక తీసుకునే కాగితం. గీత గీయకముందే ఒక్కో చెట్టునూ గుర్తించి, కొత్త వరసను చెట్లకు అవతలి వైపు వేస్తే పాత రోడ్డే ఒక దిశకు సరిపోతుందేమో చూడటం ల్యాండ్‌స్కేప్ సర్వే పని. ముందు నేలను చూసి తర్వాత గీత గీసే ఆ క్రమం అమరావతి ప్లాన్‌లో కాగితం మీదనైనా సరిగా ఉంది. పరిపాలనా కేంద్రంలో కనీసం 60 శాతం నీరూ పచ్చదనమూ ఉండాలని ఫాస్టర్ అండ్ పార్ట్‌నర్స్ రూపకల్పనలో చెప్పారు. కొండవీటి వాగు వరద నీటిని ఎక్కడ నిలపాలి, ఎటు మళ్లించాలి అన్న ప్రశ్నకు జవాబు దొరికితేనే ఆ నగరం నిలుస్తుంది కాబట్టి, అక్కడ పచ్చదనం అలంకారం కాదు, వరద ఇంజినీరింగులో సగం.

పూర్తయిన పనిని చూడాలనుకునేవారు కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణానికి వెళ్లవచ్చు. ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర వారసత్వ శాఖతో కలిసి 2013లో చేపట్టి 2024లో ముగించిన పని అది. వంద ఎకరాలకు పైబడిన ఆ ప్రాంగణంలో సమాధుల మరమ్మతుతో పాటు పాత మెట్ల బావులను కూడా బాగు చేశారు. భారీ వానలకు ఒక వైపు కూలిపోయిన బడీ బావోలిని తిరిగి కట్టి, వాన నీరు మళ్లీ అందులోకి చేరేలా చేశారు; ఆ నీటినే చెట్లకు వాడుతున్నారు. గోల్కొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. అక్కడ తిరిగేవారికి తోట ఎక్కడ మొదలైందో, పురావస్తు పని ఎక్కడ ముగిసిందో వెంటనే తెలియదు. పదకొండేళ్లు పట్టింది నిజమే. కానీ ఏ ప్రభుత్వ పార్కు కాంట్రాక్టుకూ పదకొండేళ్ల వ్యవధి దొరకదన్నది కూడా అంతే నిజం కాబట్టి, దాన్ని ప్రతి పనికీ కొలబద్దగా పెట్టడం అన్యాయం.

అప్పగింత తర్వాత

భవనం అప్పగించిన రోజున పూర్తవుతుంది. తోట ఆ రోజున మొదలవుతుంది. మొదటి రెండు వేసవులు దాటిన చెట్టు తర్వాత తన వేర్లు తాను చూసుకుంటుంది. అందువల్ల ఒప్పందంలో నిర్వహణ గడువు కనీసం రెండేళ్లుండాలి. చచ్చిన మొక్క స్థానంలో అదే కొలత మొక్కను ఎన్ని రోజుల్లో నాటాలో, చెట్టుకు ఊతంగా కట్టిన కర్రలను ఎప్పుడు విప్పాలో రాయాలి. ఈ చివరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ, విప్పడం మరిచిన తాడు కాండంలోకి కోసుకుపోయి గాలివానకు సరిగ్గా అక్కడే విరిగిన చెట్లు మన డివైడర్ల మీద లెక్కలేనన్ని. ఫుట్‌పాత్ వేసే కాంట్రాక్టరు మొదలు దాకా కాంక్రీటు పోయకుండా చెట్టు చుట్టూ కనీసం మీటరు మట్టి వదలాలన్న షరతు కూడా ఇదే కాగితంలో ఉండాలి. ఆ పని తోట విభాగానిది కాదు, రోడ్ల విభాగానిది అని తర్వాత ఎవరూ తప్పించుకోకుండా రెండు విభాగాల సంతకాలూ తీసుకోవాలి.

డబ్బు విషయంలో, నాటిన వెంటనే మొత్తం బిల్లు చెల్లించే పద్ధతికి బదులు, మొక్కల పద్దులో కొంత మొత్తాన్ని ఆపి ఉంచి, రెండో వానకాలం ముగిశాక బతికి ఉన్న చెట్లను లెక్కబెట్టి విడుదల చేయవచ్చు. ఆ లెక్కింపునకు కాంట్రాక్టరూ ఇంజినీరూ మాత్రమే వెళ్తే చాలదు. డ్రాయింగు గీసిన ఆర్కిటెక్టుకూ ఒక సైట్ విజిట్ ఫీజు కట్టి, జాబితా చేతికిచ్చి వెంట తీసుకెళ్లాలి.